పొగ నిటారు

నవంబర్ 12

ఈ పుస్తకం ముందు సగం గాలిది. వెనక సగం ఇవాళ్టి నుంచి నాది.

ముందు సగంలో నేను రాయాల్సింది రోజుకు రెండే అంకెలు. పొద్దున ఎనిమిదికి ఒకటి, సాయంత్రం అయిదుకు ఒకటి. కనుమ మీద నా టైర్ల షాపు కప్పుపైన విద్యుత్ సంఘం వాళ్ళు ఒక ఇనప స్తంభం బిగించి, దాని నెత్తిన నాలుగు గిన్నెల చక్రం పెట్టారు. గాలికి గిన్నెలు తిరుగుతాయి, కింద డబ్బాలో అంకెలు జరుగుతాయి. బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చూపించే మీటరు లాంటిదే. ఇది గాలి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చూపిస్తుంది. మార్చి ఒకటిన సున్నా దగ్గర మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి రోజుకు సగటున ఐదు వందల కిలోమీటర్లు వస్తే కొండ మీద మూడు గాలిమరలు. రాకపోతే లేవు. ఐదు వందలకు పైన గిట్టుబాటు, కింద నష్టం అని మరల కంపెనీ ఇంజనీరు చెప్పి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఊరు మిగిలింది కొట్టుకు చావడానికి.

ఈ పని నాకే ఎందుకంటే, కప్పు నాది, నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, పైగా ముప్ఫై ఏళ్ళుగా గాలి అమ్ముకునే బతుకుతున్నాను. ఊరంతా నన్ను గాలిగాడు అంటుంది. సంఘం సెక్రటరీ మేడం ఒక్కతే 'గాలిగారూ' అంటుంది. మర్యాద చేయబోయి ఇంకా ఘోరం చేసింది.

పుస్తకం లావుగా ఉంది. ప్రతి పేజీకీ నంబరు, సంఘం ముద్ర. వెనక కాగితాలన్నీ ఖాళీ. ఖాళీ కాగితం చూస్తే నాకు చెయ్యి దురద.

నవంబర్ 13

మా బావ గురించి రాసి పెట్టుకోవాలి. లేకపోతే ఈ పుస్తకానికి హీరో ఉండడు.

మా అక్క మొగుడు. ఊరికి కరెంటిచ్చే డీజిల్ ఇంజను నడిపేది ఆయనే, ఇరవై ఆరేళ్ళుగా. నా షాపు గుమ్మంలో నిలబడితే కింద ఇంజను గది, దాని పొగ గొట్టం కనిపిస్తాయి. మరలు వస్తే ఆ గదికి తాళం. అందుకని సాయంత్రం డ్యూటీ దిగగానే సైకిల్ నడిపించుకుంటూ ఎత్తు ఎక్కి, నా కప్పెక్కి, మీటరు చూసుకుని దిగుతాడు.

"గాలి రాని రోజు మీ మరలేం చేస్తాయి? కొండ మీద నిలబడి ఫొటో దిగుతాయా?" అని ఆయన ప్రశ్న.

"డీజిల్ లారీ రాని రోజు మీ ఇంజనేం చేస్తుందో అదే చేస్తాయి" అని సెక్రటరీ మేడం జవాబు.

ఇద్దరూ ఎనిమిది నెలలుగా ఇవే రెండు ముక్కలు మార్చి మార్చి అనుకుంటున్నారు. కానీ మొదట్లోనే బావ నలుగురి ముందూ ఒక మాట అనేశాడు. "మీటరు ఐదు వందలంటే నేను నోరు మూసుకుంటాను. మనిషి మాట నేను నమ్మను. ముల్లు మాట నమ్ముతాను."

ఇవాళ ఆయన కప్పు మీదున్నప్పుడు సైకిల్ వెనక చక్రంలో గాలి తీశాను. దిగొచ్చి చూసి, "ఒరేయ్ గాలిగా, మళ్ళీ ఏదో గుచ్చుకున్నట్టుంది చూడు" అన్నాడు. చూశాను. తీరిగ్గా చూశాను. ఈలోపు టీ తాగాం. పదిహేనేళ్ళ నుంచి నెలకి నాలుగుసార్లు ఆయనకేదో గుచ్చుకుంటోంది. ఒక్కసారీ అనుమానం రాలేదు. రోజంతా మీటర్ల ముళ్ళు చూసే మనిషికి ఇంత అమాయకత్వం ఎక్కడిదో.

నవంబర్ 20

ఆకు కదల్లేదు. పొద్దున్నుంచి మీటరు ఎనిమిది కిలోమీటర్లు నడిచి కూలబడింది. ఇలాంటి రోజున బావ ఎత్తంతా ఈల వేసుకుంటూ ఎక్కుతాడు. ఆ ఈల నేను భరించలేను.

నాలుగింటికి కంప్రెసర్ వేసి, గొట్టం కప్పు మీదికి లాక్కుపోయి, గిన్నెలకి ఎదురుగా పట్టుకున్నాను. ఏం తిరిగాయో! అరగంట ఊదితే ఇరవై కిలోమీటర్లు. బావ వచ్చి, మీటరు చూసి, ఆకాశం చూసి, నన్ను చూశాడు.

"ఆకు కదల్లేదు కదరా. ఇరవై ఎనిమిది ఎక్కడిది?"

"పైన వేరే గాలి బావా. మన ఎత్తుకి తెలీదు."

"ఒక్క స్తంభం పైకే వేరే గాలా?"

"సైన్సు" అన్నాను.

ముందు పేజీలో ఇవాళ్టి అంకె పక్కన చిన్న చుక్క పెట్టాను. ముసలితనంలో చూసి నవ్వుకోడానికి. ఇంతకుముందు ఒక్కసారి చేశానంతే.

నవంబర్ 21

గాలి మామూలే. నేనూ మామూలే.

డిసెంబర్ 6

కనుమ టీ కొట్టు పిన్ని నాకు పిన్ని కాదు, ఎవరికీ పిన్ని కాదు, అందరూ అంటారు. ఇవాళ ఆవిడ సెక్రటరీ మేడంని పట్టుకుంది.

"గాలి ఊరికే వస్తుంది కదమ్మా. మరి బిల్లెందుకు?"

మేడం కాగితాలు తీసింది. ఆవిడ దగ్గర ప్రతిదానికీ కాగితం ఉంటుంది. స్తంభం ఖర్చు, రెక్కల ఖర్చు, ఇరవై ఏళ్ళకి పంచితే ఎంత, డీజిల్ ధర పెరిగితే ఎంత. పిన్ని పాలు పొంగుతుంటే చూసినంత శ్రద్ధగా విని, "అయితే ఊరికే కాదన్నమాట" అంది.

"గాలి ఊరికేనండీ. అది పట్టుకోవడానికి ఖర్చు" అంది మేడం.

నేను మధ్యలో దూరాను. "పిన్నీ, లారీవాళ్ళు నన్నూ ఇదే అడుగుతారు. గాలికి డబ్బులేంటి అని. గాలికి ఎవడు తీసుకుంటున్నాడు, గొట్టానికి తీసుకుంటున్నా. ఇష్టం లేకపోతే ఆరుబయట నిలబడి నోటితో ఊదుకోమంటాను."

మేడం నవ్వింది. "గాలిగారూ, రేపు మీటింగులో నా బదులు మీరు మాట్లాడండి."

బావ అప్పుడే సైకిల్ స్టాండు వేస్తున్నాడు. "వాడి కంప్రెసర్‌కి కింద ట్యాంకు ఉందమ్మా. గాలి పట్టి దాచుకుంటాడు, లారీ వచ్చినప్పుడు వాడతాడు. నీ మరలకి ట్యాంకేదీ?"

మేడం కాగితాల్లో వెతికింది. ట్యాంకు కాగితం, అదే బ్యాటరీలది, అదీ ఉంది. కానీ దాని మీద ఉన్న అంకె చూసి మళ్ళీ లోపల పెట్టేసింది. బావకీ మేడంకీ చెరో సగం నిజం తెలుసు. నాకు రెండు సగాలూ తెలుసు. అందుకే నా మాట ఎవరూ వినరు.

డిసెంబర్ 19

ఆదివారం. బావ జేబులో నూనె కుప్పె పెట్టుకుని వచ్చాడు. కప్పెక్కి గిన్నెల ఇరుసుకి చుక్కలు చుక్కలుగా నూనె వేశాడు.

"బావా, అది కిర్రుమంటూ మెల్లగా తిరిగితే నీకే లాభం కదా."

"ఎండిపోయిన ఇరుసు చూస్తూ ఎలా ఊరుకుంటాంరా."

"నీ ఉద్యోగం తినే చక్రానికి నువ్వే నూనె వేస్తున్నావు."

"దానికేం తెలుసు పాపం" అన్నాడు.

డిసెంబర్ 28

గాలి లేదు. చుక్క.

జనవరి 9

అక్క ఇంటికి వెళ్ళాను. అక్క బట్టలు మడతపెడుతూ, "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ సంగతేంటో చూడరా" అంది.

"ఏమైంది?"

"మొన్న సెలవు రోజు కుర్చీ వాకిట్లో వేసుకుని గంటసేపు ఊరికే కూర్చున్నారు. పేపరు లేదు, రేడియో లేదు. వాచీ చూసుకుంటున్నారు. ఏంటండీ ఇది అంటే, ఖాళీగా కూర్చోవడం అలవాటు చేసుకుంటున్నా అన్నారు. మొదటి రోజు గంట, తర్వాత రెండు గంటలట. ఇంజను మెల్లగా వేడెక్కించినట్టు చెయ్యాలట."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. అందుకని నేనూ ఆపాను, కాస్త ఆలస్యంగా.

జనవరి 10

గాలి బాగా వీచింది. ఆరు వందల నలభై. ఎందుకో సంతోషం కలగలేదు.

జనవరి 23

గాలి లేదు. చుక్క. బావ ఎత్తు ఎక్కుతూ ఈల వెయ్యలేదు. అయినా ఊదాను. అలవాటు.

ఫిబ్రవరి 21

మేడం వచ్చి పుస్తకం చూసి, వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "అంచు మీద ఉంది గాలిగారూ" అంది. ఏ అంచు అన్నాను. ఏడాదికి లక్షా ఎనభై రెండు వేల ఐదు వందలు రావాలట. ఇంకా వారం ఉంది. ఇటో అటో చెప్పలేనంది. ఆవిడ గోళ్ళు కొరుకుతుందని ఇవాళే తెలిసింది.

మార్చి 1

పొద్దున ఎనిమిదికి చివరి అంకె.

లక్షా ఎనభై రెండు వేల ఆరు వందల నలభై.

రావాల్సిన దానికన్నా నూట నలభై ఎక్కువ. మేడం కప్పు మీదే నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఏడాది మొత్తం గాలిలో నూట నలభై కిలోమీటర్లంటే ఒక పూట గాలి. ఒక చిన్న పూట.

సాయంత్రం బావ వచ్చాడు. నిచ్చెన ఎక్కాడు. డబ్బా అద్దం తుడిచి చూశాడు. మళ్ళీ తుడిచి చూశాడు. దిగి, "మీటరు చెప్పింది" అన్నాడు.

అంతే.  ఆయన పైన ఉన్నప్పుడే వెనక చక్రంలో గాలి తీసేశాను. ఆయన చూసుకోలేదు. ఖాళీ చక్రంతోనే సైకిల్ నడిపించుకుంటూ దిగువకి వెళ్ళిపోయాడు. మలుపు తిరిగేదాకా రిమ్ము రోడ్డుకి కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

పిలుద్దామనుకున్నాను. లారీ వచ్చింది.

మార్చి 2

లారీ రాలేదు. నిన్న అబద్ధం రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా నాకు ఆ బుద్ధి పోదు.

గొట్టంతో ఊదింది రెండుసార్లే. నలభై కిలోమీటర్లు. నూట నలభైలోంచి నలభై తీసేస్తే వంద మిగిలింది. ఏం కాదు.

మార్చి 3

మహా అయితే నాలుగుసార్లు. ఎనభై. ఇంకా అరవై మిగిలింది. దిగులు పడాల్సిందేం లేదు.

మార్చి 4

ఏడు.

ఏడు ఇరవైలు నూట నలభై. సరిగ్గా సరిపోయింది. ఐదు వందలకి ఒక్క అంగుళం ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇంత చక్కగా సరిపోయిందంటే నిజమే అయి ఉంటుంది. ఏడే. కడుపునిండా తిని పడుకున్నాను.

మార్చి 5

ముందు పేజీలన్నీ తిరగేసి చుక్కలు లెక్కపెట్టాను. పదకొండు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఒక చుక్క ఈగ రెట్టేమో అని గోరుతో గీకి చూశాను. సిరానే.

పదకొండు ఇరవైలు రెండు వందల ఇరవై. నూట నలభైలోంచి పోను ఎనభై తక్కువ. అంటే నిజమైన గాలి ఐదు వందలు దాటలేదు. బావ నోరు మూసుకోవాల్సిన పని లేదు. కానీ మూసేసుకున్నాడు. ఆయన మీటరుని నమ్మాడు, మీటరు నన్ను నమ్మింది.

మార్చి 6

ఎల్లుండి మీటింగు. పుస్తకం సంఘానికి ఇచ్చెయ్యాలి.

వెనక కాగితాలు చింపేద్దామని కూర్చున్నాను. ఒకటి లాగితే ముందు సగంలో ఏప్రిల్ నెల ఊడి చేతికొచ్చింది. మధ్యలో మడిచి కుట్టిన పుస్తకమిది. వెనక కాగితమూ ముందు కాగితమూ ఒకే ముక్క. ఏడాది మొదట్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. జిగురు పెట్టి మళ్ళీ అతికించాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "వేరే పుస్తకంలో ఎక్కించి ఇవ్వొచ్చుగా" అంది.

"ప్రతి పేజీకీ ముద్ర ఉంది."

"అయితే నిజం చెప్పండి."

"చెప్తే నమ్మరు. నేను చెప్పిన నిజం ఈ ఊళ్ళో ఇంతవరకు ఎవరైనా నమ్మారా?"

"ఇంతవరకు ఒకటైనా చెప్పారా?"

ఆవిడకి గొట్టం సంగతి ఎలా తెలుసని అడగలేదు. కప్పు కింద వంటిల్లు. అరగంట సేపు నెత్తిమీద బుస్సుమంటుంటే ఎవరికి తెలీదు.

"ముందు మీ అక్క మొగుడికి చెప్పండి. ఊరికి తర్వాత చెప్పొచ్చు" అంది. నేను పెళ్ళి చేసుకున్న రోజు నుంచి ఆవిడ చెప్పే సలహాలన్నీ ఇలాగే ఉంటాయి. సరైనవీ, కష్టమైనవీ.

మార్చి 7

ఇంజను గదికి వెళ్ళాను. అన్నీ వరసగా రాయాలి, మర్చిపోకూడదు.

గది అద్దంలా ఉంది. ఇత్తడి గొట్టాల్లో నా మొహం కనిపిస్తోంది, వద్దన్నా. బావ స్టూలు మీద కూర్చుని మీటర్ల బల్ల చూస్తున్నాడు. ఇంజను చప్పుడులో గట్టిగా అరవాలి. చేసిన తప్పు అరుస్తూ చెప్పుకోవడం అదో రకం శిక్ష.

"బావా, మీటరు అబద్ధం చెప్పింది."

"ఏంటీ?"

"మీటరు కాదు, నేను. గాలి లేని రోజుల్లో కంప్రెసర్‌తో ఊదాను."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

"పన్నెండు" అన్నాడు.

 ఆయన లేచి, బీరువాలోంచి ఇంజను రిజిస్టరు తీసి బల్ల మీద పరిచాడు. గంట గంటకీ అంకెలు. చివరి గడి రిమార్కులది. అందులో రోజుకి మూడుసార్లు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు. 'పొగ తూర్పుకి వంగింది.' 'పొగ కొద్దిగా వంగింది.' 'పొగ నిటారు.'

"ఇదెందుకు రాస్తావు?"

"చేరిన కొత్తలో మీ అక్క ఆరేసిన బట్టల మీద మసి పడిందని ఇంట్లోకి రానివ్వలేదురా. అప్పట్నుంచి పొగ ఎటు పోతోందో చూసి, ఆ వీధికి బట్టలు తీసుకోమని కబురు పెడతాను. ఇరవై ఆరేళ్ళ పుస్తకాలున్నాయి. రిమార్కులు ఎవరూ చదవరు."

నవంబర్ ఇరవై దగ్గర వేలు పెట్టాడు. 'పొగ నిటారు. మూడు పూటలా. నాలుగు నుంచి నాలుగున్నర, బామ్మర్ది కంప్రెసర్.'

"నీకెలా తెలిసింది?"

గోడ మీదున్న ముల్లు చూపించాడు. "నువ్వు కంప్రెసర్ వేస్తే ఇది రెండు గీతలు లేస్తుంది. లారీ చక్రానికైతే అయిదు నిమిషాలు. నువ్వు అరగంట వేశావు. ఆ అరగంటలో కనుమ మీద ఒక్క లారీ లేదు. ఇక్కణ్ణుంచి కనిపిస్తుందిగా. జూలైలో ఒకటి నువ్వు చుక్క పెట్టడం మర్చిపోయినట్టున్నావు."

చుక్కల సంగతి కూడా తెలుసు. కప్పెక్కిన ప్రతిసారీ పుస్తకం చూసేవాడన్నమాట.

"డీజిల్ తగలేసి గాలి పుట్టించావు కదరా. ఆ గాలి నా ఇంజను ఊదిన గాలి. నా మీద గెలవడానికి నా చేతే ఊదించావు" అన్నాడు. అని, భుజాలు కదిలేట్టు నవ్వాడు. ఇంజను చప్పుడులో ఆ నవ్వు వినపడలేదు, కనపడింది.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మానేసేవాడివి. ఆ ముల్లు లేచినప్పుడల్లా, అదుగో గాలిగాడు కప్పెక్కాడు అనుకునేవాణ్ణి. ఈ గదిలో నవ్వుకోడానికి ఇంకేముంది?"

"మరి ఒకటో తారీఖున?"

"నువ్వే వస్తావని చూశాను. ఆరు రోజులు పట్టింది."

"రాకపోతే?"

ఆయన నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మీటరు చెప్తే మూసుకుంటానన్నానుగా. మూసుకునేవాణ్ణి."

వచ్చేస్తుంటే తలుపు వెనక మేకుకి సైకిల్ పంపు వేలాడుతోంది. నూనె రాసి, నిగనిగలాడుతోంది.

"ఇదెప్పటిది బావా?"

"నీ షాపు కన్నా పాతది" అన్నాడు, ముల్లు మీంచి చూపు తిప్పకుండా.

పదిహేనేళ్ళు. నెలకి నాలుగుసార్లు. చేతి దూరంలో పంపు ఉన్నా తెచ్చుకోకుండా ఎత్తెక్కి వచ్చి, నేను తీసిన గాలి నా చేతే కొట్టించుకుని, నాతో టీ తాగి వెళ్ళేవాడు.

మార్చి 10

రెండు రోజులు పుస్తకం నా దగ్గర లేదు. మీటింగు సంగతి ఇవాళ రాస్తున్నాను.

సంఘం హాల్లో వంద మందికి పైనే. మేడం అంకె చదివింది. చప్పట్లు. నేను లేచి, ఆ అంకెలో కొంత నా కంప్రెసర్‌ది అన్నాను. హాలంతా నవ్వింది. నిజంగా చెప్తున్నానన్నాను. ఇంకా నవ్వారు. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ, "కూర్చోరా గాలిగా, టీ మానేసి మరీ వచ్చాం, పని కానివ్వు" అంది. ముప్ఫై ఏళ్ళు నవ్వించిన పాపం అంతా అక్కడ అనుభవించాను. పుస్తకం తెరిచి చుక్కలు చూపిస్తే, కొత్త మోసం అనుకుని వెనక వరసవాళ్ళు కుర్చీలెక్కి చూశారు.

అప్పుడు బావ రిజిస్టర్లు చంకలో పెట్టుకుని లేచాడు. పన్నెండు తారీఖులూ చదివాడు. ప్రతి తారీఖు తర్వాత, 'పొగ నిటారు.' ఆరోసారికి నవ్వు ఆగింది. పన్నెండోసారికి మేడం కుర్చీలో కూర్చుంది.

"రెండు వందల నలభై పోతే వంద తక్కువ. ఐదు వందలు రాలేదు" అన్నాడు బావ.

ఆయన పక్షం వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి. ఏడాది గాలిలో నూట నలభై మీద నేను ఓడిపోతే సిగ్గు. వంద మీద గెలిస్తే ఇంకా సిగ్గు. అది ఒక పూట గాలి." గొంతు సవరించుకున్నాడు. "మనం సగటు పట్టుకుని కొట్టుకున్నాం. సగటుతో బల్బు వెలగదు. కావలసిన వేళకి వీచిందా లేదా, అదీ సంగతి. నా ఇంజను ఎక్కువ డీజిల్ తాగేది సాయంత్రం, ఊరంతా దీపాలు వేసినప్పుడు. పోయిన ఏడాది సాయంత్రాలు రెండు వందల అరవై రోజులు పొగ వంగింది. అంతకుముందు ఏడాదీ దాదాపు అంతే. ఇరవై ఆరేళ్ళూ అంతే. పొద్దుటిపూట మాత్రం గాలిని నమ్మకండి."

"అయితే గాలి ఉన్నట్టా, లేనట్టా?" అంది పిన్ని.

"నీ కొట్టు రోజంతా తెరిచి ఉంటుందా?"

"పొద్దున, సాయంత్రం. జనం వచ్చే వేళకి."

"ఈ గాలీ అంతే. సాయంత్రం ఒక్కపూటే కొట్టు తెరుస్తుంది. కానీ బేరం ఉన్న పూట తెరుస్తుంది."

మేడం లేచి నెమ్మదిగా అడిగింది, "ఇది మీరు ముందే చెప్పొచ్చుగా?"

"మీరు ఐదు వందలు అడిగారు. ఎప్పుడు అని అడగలేదు" అన్నాడు బావ. తర్వాత ఇంకాస్త నెమ్మదిగా, "అడగకపోతే బాగుండునని నాకూ ఉండేది" అన్నాడు.

గంటన్నర వాదించుకున్నారు. మూడు మరలు వద్దు, ఒకటి పెట్టి చూద్దాం, ఇంజను గదికి తాళం వద్దు, గాలి లేని పూట అదే దిక్కు అని తేలింది. చేతులెత్తితే అరవై ఒకటి, ముప్ఫై ఎనిమిది. పిన్ని దేనికీ ఎత్తలేదు, రెండు చేతుల్లోనూ గ్లాసులున్నాయంది. మేడంకి మూడు కావాలి, ఒకటే వచ్చింది. బావకి ఏదీ వద్దు, ఒకటి వచ్చింది. ఇద్దరూ సరిగ్గా ఒకే రకంగా మొహాలు పెట్టుకుని బయటికి వచ్చారు.

ఇవాళ పొద్దున మేడం పుస్తకం తెచ్చి ఇచ్చింది. కుట్టు దగ్గర బ్లేడుతో జాగ్రత్తగా కోసి, రెండు ముక్కలు చేసింది. ముందు సగం సంఘానిది, వెనక సగం మీది అంది.

"చదివారా మేడం?"

"ఛ. ఇంకొకరి డైరీ చదువుతామా?"

ఆవిడ వెళ్ళాక తెరిచి చూశాను. మూడు చోట్ల ఎర్ర సిరాతో ఒత్తులు దిద్ది ఉన్నాయి. గోళ్ళు కొరుకుతుందని రాసిన చోట వాక్యం మొత్తం కొట్టేసి ఉంది.

మార్చి 14

మీటరు ఇంకో ఏడాది ఉంచుతారట. సాయంత్రం గాలి విడిగా రాయాలట. కొత్త పుస్తకం ఇచ్చారు. ఇది జిగురుతో అతికించింది, కుట్టు లేదు, ఏ కాగితానికా కాగితం ఊడొస్తుంది. మేడం తెలివైన మనిషి.

ఇవాళ ఆకు కదల్లేదు. నాలుగింటికి చెయ్యి దానంతటదే గొట్టం మీదికి వెళ్ళింది. గుమ్మంలోంచి కిందికి చూశాను. ఇంజను గొట్టం మీద పొగ గీత గీసినట్టు నిలబడి ఉంది. గొట్టం వదిలేసి కప్పెక్కాను. గిన్నెలు నిద్రపోతున్నాయి.

అయిదింటికి బావ ఈల వేసుకుంటూ ఎత్తెక్కాడు. ఖాళీగా కూర్చోవడం మానేశాడట, అక్క చెప్పింది. మర కోసం వచ్చే ఇంజనీరుకి ముళ్ళు చదవడం తనే నేర్పాలని పాత పుస్తకాలు దులుపుతున్నాడట.

"రాశావా?"

"రాశాను."

"ఎంత?"

"ఆరు."

"చుక్క?"

"లేదు."

నిచ్చెన ఎక్కి తనే చూసుకున్నాడు. మనిషి మాట నమ్మడు కదా. చూసి, నూనె కుప్పె తీసి రెండు చుక్కలు వేసి దిగాడు. ఆయన పైన ఉన్నంతసేపూ నేను బుద్ధిగా స్టూలు మీద కూర్చున్నాను. ఆయన సైకిల్ వెనక చక్రం జోలికి పోలేదు. పదిహేనేళ్ళలో మొదటిసారి.

బావ వెనక చక్రం నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. మళ్ళీ నొక్కాడు. మొహం కాస్త చిన్నబోయింది. "సరే, వస్తా మరి" అని హ్యాండిల్ పట్టుకుని రెండడుగులు వేశాడు. ఆగాడు. వంగి చూశాడు.

"ఒరేయ్ గాలిగా" అన్నాడు, స్టాండు వేస్తూ, "ముందు చక్రంలో ఏదో గుచ్చుకున్నట్టుంది చూడు."

పిన్నికి రెండు టీలు చెప్పాను.